మహాత్ముడగు అగస్టీను చరిత్రము

మహాపురుషుల చరిత్రములు వ్రాయువారు వారి పాపములను మొదటి ప్రకరణములోనే ముగించి, పరివర్తనము కలిగిన దినము మొదలు వారిని నిర్మలులనుగా చూపుట వాడుక. చదువరులకు దీనివలన ఊఱటకంటె నిస్పృహయే యెక్కువగా కలుగును. తాము నిన్న ప్రార్థించి నేడు మరల తొట్రుపడినవారు. ఆ చరిత్రములలోనివా రట్లు తొట్రుపడినట్లు కానరాదు. క్రైస్తవ మతాచార్యులలో అగ్రగణ్యుడగు అగస్టీను తన కథను తానే వ్రాసికొన్నందున ఈ లోపము దానియందు లేకపోయెను. పీఠాధిపత్యము పొంది దేశదేశముల గౌరవ మందుచున్న కాలమున, క్రీ. శ. 397వ సంవత్సర ప్రాంతమున, ఆయన ఆ గ్రంథము నారంభించి, గడచిన పాపములనే కాక ఆనాటికిని తన్ను వెన్నాడుచున్న శోధనలనుగూడ పేర్కొనెను. గ్రంథమంతయు దేవుని సంబోధించి వ్రాసినదే. మనము ప్రక్కన నిలిచి వినుచున్నవారము మాత్రమే.

అగస్టీను 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీని ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె యను చిన్న పట్టణమున జన్మించెను. నేటి ఆల్జీరియా దేశమునందలి సూక్ అహ్రాస్ ఆ స్థలమే. ఆ సీమ యప్పుడు రోమక సామ్రాజ్యములోనిది. తండ్రి పాట్రీషియసు కొద్దిపాటి భూవసతి గలవాడు, పురపాలక సభ్యుడు, కోపిష్ఠి; పూర్వదేవతల నాశ్రయించి యుండి మరణమునకు కొంచెము ముందు మాత్రమే క్రైస్తవుడయ్యెను. తల్లి మోనికా బాల్యమునుండియు క్రైస్తవ భక్తురాలు. ఆమెకును ఒక శోధన కలిగియుండెను. కన్యగా నున్నపుడు పెద్దలు ద్రాక్షసారాయము తెమ్మని పంపగా, పీపానుండి ముంచినపుడు పెదవుల కొనతో చవిచూచుట మొదలిడి, దినదినమును కొంచెము కొంచెము పెంచి, తుదకు గిన్నె నిండ త్రాగు నలవాటు పడెను. ఒకనాడు ఇంటి దాసి జగడమాడి త్రాగుబోతని యెత్తిపొడిచినంతనే సిగ్గుపడి నాటితో మానివేసెను. దాసి తన కసి తీర్చుకొనుటకే ఆ మాట యనెను. దేవుడు దానినే వైద్యుని శస్త్రముగా వాడుకొనెనని కుమారుడు తరువాత వ్రాసెను.

మేధావియగు ఈ కుమారుని వాక్చాతుర్యముచేత ధనమును పదవియు గడింపగలవానిగా చేయవలెనని తండ్రి యాశ. మదౌరా యను పట్టణమున కొంత చదువు చెప్పించి, పైచదువునకు ద్రవ్యము చాలక పదునాఱవ యేట ఇంటనే యుంచవలసి వచ్చెను. పని లేని ఆ యేడు పోకిరి పిల్లలతో చేరిక కలిగెను. ఒక రాత్రి వీరందఱును గూడి తమ ద్రాక్షతోట ప్రక్కనున్న పరుల బేరిచెట్టు దులిపి కాయలన్నియు మోసికొనిపోయిరి. అవి చూపునకు గాని రుచికి గాని మంచివి కావు. అంతకంటె మంచివి అగస్టీను ఇంటనే కలవు. కొన్ని కొఱికి చూచి తక్కినవి పందులకు పాఱవైచిరి.

పెద్దవాడైన పిదప ఈ కాయల దొంగతనమును గూర్చి ఆయన పుటలకొలది వ్రాయుట కొందఱు విమర్శకులకు హాస్యాస్పదముగా తోచినది. న్యాయస్థానములలో పనిచేయు మావంటివారి కట్లు తోచదు. ఏ నేరమునకైనను మేము మొదట వెదకునది ఉద్దేశము: ఆకలియో, పగయో, లాభమో. ఈ దొంగతనమునం దట్టిదేదియు లేదు. తప్పని తెలిసి, తప్పగుటచేతనే చేయబడినది. ఒంటరిగా నుండిన తా నది చేసియుండననియు, నలుగురు పోదము రమ్మన్నపుడు వెనుదీయుటకు సిగ్గుపడితిననియు ఆయన మరల మరల తలపోసెను.

అటుపిమ్మట స్వగ్రామ ధనికు డొకడు సాయము చేయగా కార్తేజి నగరమునకు చదువుకొఱకు పోయెను. తండ్రి త్వరలోనే చనిపోయెను. కార్తేజిలో ఒక స్త్రీతో సహవాసము కలిగెను. అది చట్టసమ్మతమైన వివాహము కాదు; రోమక సమాజమున అట్టి సంబంధములు చెల్లుచుండెను. సుమారు పదునాలుగేండ్లు ఆమె యొక్కతెతోనే కాపురముండెను. వారి కొక కొడుకు పుట్టగా దైవదత్తుడను అర్థమిచ్చు అడియోడాటసు అను పేరు పెట్టిరి.

పందొమ్మిదవ యేట రోమక పండితుడగు సిసిరో వ్రాసిన గ్రంథ మొకటి చదివి జ్ఞానముపై అమితమైన ఆశ గొనెను. తల్లి పూజించు క్రైస్తవ గ్రంథములను విప్పిచూడగా వాని శైలి మోటుగా కనబడెను. అంతట పారసీక దేశమున పుట్టిన మానీ మతమున చేరి తొమ్మిదేండ్లు దాని ననుసరించెను. వెలుగు, చీకటి అను రెండు ప్రకృతులు లోకమున పోరాడుచున్నవనియు, మనుష్యునిలో పాపము చేయునది ఆ చీకటి భాగమేయనియు ఆ మతస్థులు బోధించుచుండిరి. దీనిలోని సుఖ మేమో ఆయన దాచలేదు. తప్పు చేసినది తాను కాదు, తనలో దూరిన మఱియొకటి యనుకొన్నచో ఒప్పుకొనవలసిన దేమియు లేదు. ఒప్పుకొననిదే స్వస్థతయు లేదు. ఈ వాదము మానీతోనే చచ్చినదని యెవ్వరును భ్రమపడరాదు. గ్రహచారమో, పూర్వకర్మమో, వంశమో, కాలమహిమయో, పేరు మార్చుకొని అది ప్రతి న్యాయస్థానమునకును ప్రతి మనస్సునకును వచ్చుచునే యున్నది. ఆ దినములలోనే ఆయన పవిత్రత నిమ్మని దేవుని వేడుకొనుచు, దేవు డెక్కడ వెంటనే యిచ్చునోయని లోలోపల భయపడుచుండెను.

ఆయన శిష్యుడును ప్రాణమిత్రుడును అగు అలీపియసు కథ యొక టిచ్చట చెప్పదగినది. ఇతడు ధర్మశాస్త్రము చదువుటకు రోమునకు పోయెను. మనుష్యు లొకరి నొకరు పొడిచికొని చచ్చు వినోదములు ఆ నగరమున జరుగుచుండెను. అలీపియసు వాని నసహ్యించుకొనువాడు. మిత్రులు బలవంతమున లాగుకొనిపోగా, తన శరీరమును తీసికొనిపోగలరు గాని తన కన్నులను తిప్పలేరని ధైర్యము చెప్పి, రంగస్థలమున కన్నులు గట్టిగా మూసికొని కూర్చుండెను. ఒకడు నేల కూలగానే వేలకొలది జనులు ఒక్కపెట్టున కేక వేసిరి. చెవులు మూసికొనవలెనని అతనికి తోచలేదు. కన్నులు తెఱచెను, నెత్తురు చూచెను, తరువాత తానును కేకలు వేసెను, తన్ను తెచ్చినవారినే తీసికొని మరల మరల పోవుచుండెను. ఇతడే తరువాత రోములో న్యాయసహాయాధికారిగా నుండి, మిక్కిలి పలుకుబడిగల శాసనసభ్యుడు లంచము చూపినను, బెదరించినను, న్యాయవిరుద్ధమగు కోరిక నొప్పుకొనక నిలిచెను. లంచమునకు లొంగనివాడు కేకకు లొంగెను. తన బలముమీద నిలుచువానికి ఏ తలుపు తెఱచియున్నదో ముందుగా తెలియదని ఈ కథవలన అగస్టీను గ్రహించెను.

383వ సంవత్సరమున అగస్టీను తల్లిని మోసగించి, ఆమె రాత్రి ప్రార్థనమందిరమున నుండగా ఓడ నెక్కి రోమునకు పోయెను. మఱుసటి సంవత్సరము చక్రవర్తి నివసించు మిలాను నగరమున అలంకారశాస్త్రోపాధ్యాయ పదవి దొరకెను. చక్రవర్తిని స్తుతించుచు అసత్యములతో నిండిన ఉపన్యాసము చేయవలసిన దిన మొకటి వచ్చెను. ఆ బెంగతో వీథిలో పోవుచుండగా, త్రాగి నవ్వుచున్న బిచ్చగాడొకడు కనబడెను. తాను ఇన్ని యేండ్లుగా వెదకుచున్న నిశ్చింతను ఆ బిచ్చగాడు నాలుగు కాసులకే సంపాదించెనని తలచి లోలోపల క్రుంగెను. మిలాను ధర్మాధ్యక్షుడు ఆంబ్రోసు గొప్ప వక్త. ఆయన వాగ్ధోరణి విని మెచ్చుకొనుటకే పోయిన అగస్టీను హృదయమున మాటలతోపాటు అర్థమును మెల్లగా దిగుచుండెను.

ఈ సమయముననే, 385వ సంవత్సర ప్రాంతమున, ఆయన జీవితములోని మిక్కిలి కఠినమైన పని జరిగెను. తల్లి ఆఫ్రికానుండి వచ్చి చేరెను. పదవిలో పైకి పోవుటకు ధనవంతుల యింటి సంబంధము కావలెనని పెద్దలందఱును తలచి ఒక బాలికను నిశ్చయించిరి. రోమక ధర్మశాస్త్రమున కన్యకు వివాహయోగ్యమైన వయస్సు పండ్రెండేండ్లు. ఈ బాలికకు ఇంకను రెండేండ్లు కొఱత. పదేండ్ల పిల్లను ముప్పదేండ్ల పండితునకు కుదుర్చుటలో ఆ పెద్దల కెవ్వరికిని తప్పు తోపలేదు. ఈ విషయము మన పాఠకులకు వేఱుగా వివరింప నక్కఱలేదు. పదునాలుగేండ్లు కాపురము చేసిన స్త్రీని ఈ వివాహమునకు అడ్డమని ఆఫ్రికాకు పంపివేసిరి. కన్నకొడుకును తండ్రియొద్దనే విడిచి, ఇక పరపురుషు నెఱుగనని దేవునికి మ్రొక్కుకొని ఆమె వెడలిపోయెను. ఆయనయో, ఆ రెండేండ్లును ఓర్చుకొనలేక మఱియొక స్త్రీని చేర్చుకొనెను.

తన హృదయము చీలి నెత్తురు కాఱినదని ఆయన వ్రాసెను. ఆమె హృదయమును గూర్చి వ్రాయలేదు. పేరైనను చెప్పలేదు. ఆమె గౌరవమును కాపాడుటకే పేరు దాచెనని కొందఱు సమర్థింతురు. ఆ సమర్థనము నాకు తృప్తికరముగా లేదు. అయినను 401వ సంవత్సర ప్రాంతమున వివాహధర్మమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఒక సంగతి కలదు. ఒక స్త్రీతో కొంతకాలము కాపురముండి, ధనమునకో పదవికో తగిన మఱియొక కన్య దొరకువఱకు మాత్రమే యుంచుకొన్నవాడు మనస్సునం దప్పుడే వ్యభిచారియనియు, నమ్మికతో నుండి మరల వివాహమాడని ఆ స్త్రీని తాను తేలికగా నిందింపజాలననియు ఆయన తీర్పు చెప్పెను. అచ్చట తన పేరు చెప్పికొనలేదు గాని, ఆయన కథ యెఱిగి చదువువారికి ముద్దాయి యెవ్వరో తెలియును.

పిమ్మట ప్లేటో మతానుయాయుల గ్రంథములు కొన్ని చదువగా దేవుడు దేహము గలవాడు కాడనియు, చెడుగు దేవునితో సమానమైన వేఱొక పదార్థము కాదనియు బుద్ధికి స్పష్టమయ్యెను. సంశయములు తీఱెను. కాని అలవాటు తీఱలేదు. ఎఱుగుట వేఱు, చేయుట వేఱు అని మనలో తెలియనివా రెవ్వరు? 386వ సంవత్సరము వేసవి కడపట ఆఫ్రికా దేశస్థుడగు రాజోద్యోగి యొకడు వచ్చి, సర్వమును విడిచి ఐగుప్తు ఎడారిలో తపస్సు చేసిన ఆంతొనీ కథయు, ఆ కథ చదివినంతనే కొలువు విడిచిన యిద్దఱు ఉద్యోగుల కథయు చెప్పెను. వినుచుండగా అగస్టీను తన్ను తాను చూడకుండ వీపువెనుక పెట్టుకొన్న ముఖమును దేవుడు త్రిప్పి ఎదుట పెట్టినట్లయ్యెను. అలీపియసుతో ఇంటితోటలోనికి పోయెను. మనస్సు చేతి నెత్తుమనిన చేయి లేచుచున్నది. మనస్సు మనస్సునే కదలుమనిన అది కదలదు. ఈ వింత యేమి యని తల్లడిల్లెను. పాత సుఖములు వస్త్రపు చెఱగు పట్టుకొని లాగి, తమ్ము నెన్నటికిని విడిచి బ్రతుకగలవా యని చెవిలో గుసగుసలాడినట్లు తోచెను. నిగ్రహము ప్రసన్నమూర్తిగా ఎదుట నిలిచి, నీమీద నీవు నిలుచుటచేతనే నిలువలేకున్నావు, ఆయనమీద వాలుము, తొలగి పడనీయడు అని హెచ్చరించినట్లును తోచెను.

దుఃఖము పొంగిరాగా మిత్రుని విడిచి అంజూరపు చెట్టుక్రింద పడి యేడ్చెను. అంతలో పొరుగింటినుండి బాలుడో బాలికయో, తీసి చదువుమని పాటగా మరల మరల పలుకుట వినబడెను. పిల్ల లే యాటలోనైన నట్లు పాడుదురా యని ఆలోచింపగా జ్ఞాపకము రాలేదు. తిరిగివచ్చి అపోస్తలుడగు పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికను విప్పి, కన్ను పడిన చోట చదివెను. త్రాగుడును కామమును కలహమును విడిచి క్రీస్తును ధరింపవలెనను బోధ అచ్చట నుండెను. ఆ వాక్యము తరువాతిది చదువ నక్కఱలేకపోయెను. అప్పటి కాయనకు ముప్పదియొక్క సంవత్సరములు.

ద్రాక్షకోత సెలవులు వచ్చువఱకు ఓపిక పట్టి, ఉపాధ్యాయపదవి విడిచెను. న్యాయస్థానములలో కలహించువారికి నాలుకను అమ్ము అంగడిని మూసివేసితినని ఆయన యభిప్రాయము. వకీళ్లమగు మాకు ఈ మాట చుఱుకుగా తగులును. 387వ సంవత్సరము ఈస్టరు పండుగనాడు కుమారునితోను అలీపియసుతోను ఆంబ్రోసు చేతులమీదుగా బాప్తిస్మము పొందెను. ఆఫ్రికాకు తిరిగిపోవు దారిలో ఓస్టియా రేవునందు మోనికా తన యేబదియాఱవ యేట కన్నుమూసెను. రెండేండ్లలో కుమారుడును పోయెను.

391వ సంవత్సరమున హిప్పో పట్టణమునకు ఊరక పోయిన అగస్టీనును జనులు పట్టుకొని బలవంతముగా పురోహితునిగా చేసిరి. ఆయన యేడ్చెను. నాలుగైదేండ్లలో అచ్చటి ధర్మాధ్యక్షుడయ్యెను. తోటలో ఏడ్చిన దినమునకు పదేండ్లు దాటిన పిమ్మట వ్రాసిన గ్రంథముయొక్క పదియవ భాగమున, ఇప్పుడు నేనెట్టివాడనను ప్రశ్న వేసికొని ఇంద్రియముల నొక్కొక్కటిగా విచారించెను. పగటి వేళ జయించిన కామము స్వప్నమున వచ్చి సమ్మతింపజేయుచున్నది. అప్పుడు తాను తాను కాడా? ఆహారము ఔషధమువలె పుచ్చుకొనవలెను గదా, ఆకలి తీర్చు అవసర మెచ్చట ముగిసి రుచి యెచ్చట మొదలిడినదో గుర్తింప శక్యము గాకున్నది. ఆలయమున కీర్తనలు వినునపుడు అర్థముకంటె రాగమే హృదయమును లాగినచో పాపమువలె తోచుచున్నది. కీర్తనలే మానుపింతమా యన్నచో, మిలానులో మొదటి దినములలో ఆ పాటలకే తాను కన్నీరు విడిచినది జ్ఞాపకము వచ్చుచున్నది. ఏ తీర్పును చేయలేక ఆయన పాటలవైపే మ్రొగ్గెను. పొలమున కుక్క కుందేలును తఱుముట కనబడినచో గొప్ప ఆలోచన చెదరి మనస్సు దానివెంట పరుగిడుచున్నది; ఇంట కూర్చున్న బల్లి యీగలను పట్టుట చూచుచు కాలము పోవుచున్నది. పొగడ్తను ద్వేషించితినని చెప్పుకొనుటయే మఱియొక పొగడ్తకు ఆశపడుట కావచ్చును.

పూర్వమును ఆయన శోధింపబడెను, ఇప్పుడును శోధింపబడుచున్నాడు. భేద మెచ్చట నున్నది? పూర్వము పాపము చేయుచు దేవునికి దూరముగా దాగుకొనుచుండెను, లేదా నేరమును చీకటి ప్రకృతిపై నెట్టుచుండెను. ఇప్పుడు ప్రతి శోధనను వైద్యునికి పుండు చూపినట్లు చూపుచున్నాడు. దేవుని భూమియందును సముద్రమునందును, జ్ఞాపకశక్తియొక్క విశాలమైన మందిరములయందును వెదకి, తాను బయట తిరుగుచున్నంతకాలమును ఆయన తనలోపలనే యుండెనని తెలిసికొన్నందున, ఇక దాచుటకు చోటు లేకపోయెను. ఆజ్ఞాపించిన దానిని చేయు బలమునుగూడ నీవే యిమ్మను ప్రార్థన ఈ భాగమున మాటిమాటికి వచ్చును. తరువాత పెలేజియసు అను సన్న్యాసి రోములో ఆ ప్రార్థన విని మండిపడెను. మనుష్యుడు తలచుకొనిన పాపము చేయక యుండగలడనియు, ఇట్టి ప్రార్థనలు సోమరితనమును పెంచుననియు అతని వాదము. వారి వివాదము చాల సంవత్సరములు సాగి 418వ సంవత్సరమున కార్తేజి సభలో పెలేజియసు మతము ఖండింపబడెను. దైవసంకల్పమును గూర్చి అగస్టీను ఈ వాదమున చెప్పిన కొన్ని కఠినసిద్ధాంతములను అంగీకరించుట నాకు శక్యము గాదు. కాని కన్నులు మూసికొని కూర్చున్న అలీపియసును ఎఱిగినవాడు పెలేజియసుతో ఏకీభవింపలేడు.

తన హృదయమున బల్లిని చూచు కోరికనుగూడ పట్టుకొన్న ఈ సూక్ష్మదర్శి ఒక శోధనను మాత్రము గుర్తింపలేదని చెప్పక తప్పదు. ఆఫ్రికా క్రైస్తవులలో డొనాటసు పక్షమువారు వేఱుగా నుండిరి. మొదట వారిని వాదముచేతనే మార్చవలెనని ఆయన నమ్మెను. 405వ సంవత్సరమున చక్రవర్తి హొనోరియసు వారిమీద శాసనములు చేసిన పిదప, అధికారబలముచేత జనులు తమ పక్షమునకు వచ్చుట చూచి, బలవంతము మేలేయని సమర్థింప దొడగెను. ప్రాణములు తీయవలదని అధికారులను వేడుకొనెను, నిజమే. అయినను తరువాతి శతాబ్దములలో పరమతస్థులను హింసించినవారు ఆయన వ్రాతలనే చూపిరి.

ధర్మాధ్యక్షుని యింట స్పూను లొక్కటియే వెండివి. తక్కిన పాత్రలు మట్టివి, కొయ్యవి, రాతివి. పరోక్షమున ఒకరిని నిందించువారు ఈ బల్లయొద్ద కూర్చుండ తగరని పద్యము వ్రాయించి భోజనస్థలమున నుంచెను. తోటి ధర్మాధ్యక్షులే ఆ నియమము తప్పగా, ఆ పద్యము చెరిపివేయుడు లేదా నేను లేచిపోదునని కోపపడెను. ఆ కాలపు చట్టముచేత వ్యాజ్యములు వినుటయు ధర్మాధ్యక్షుని పనియే. భూములు, వారసత్వములు, అప్పులు, ఈ తగవులతో ఒక్కొక్కనాడు సాయంకాలమువఱకు ఉపవాసముండవలసి వచ్చుచుండెను. చెరపట్టబడినవారిని విడిపించుటకు దేవాలయపు పాత్రలను కరగించి యిచ్చెను.

1981లో ప్రకటింపబడిన ఆయన జాబులలో ఒకటి అలీపియసునకు వ్రాసినది. బానిసల వ్యాపారులు ఆఫ్రికా పల్లెలమీద పడి స్వతంత్రులగు స్త్రీలను పిల్లలను పట్టి ఓడల కెక్కించుచుండిరి. అగస్టీను ఊర లేని సమయమున హిప్పో క్రైస్తవులు ఓడనుండియు దాచియుంచిన చోటునుండియు నూటయిరువదిమందిని విడిపించిరి. వారిలో తలిదండ్రులు అమ్మినవారు అయిదాఱుగురు మాత్రమే. వ్యాపారులు పెద్దల యండతో మరల వారిని కోరుచుండిరి. చక్రవర్తి శాసన మొకటి కలదు గాని దాని ప్రకారము సీసపు కొరడాలతో కొట్టిన నేరస్థులు చత్తురు. వారును చావకుండ ఈ ఘోర మాగునట్లు ఇటలీలో ఉపాయము చూడుమని మిత్రుని వేడుకొనెను.

430వ సంవత్సరమున వాండలు సేనలు హిప్పోను ముట్టడించెను. మూడవ నెలలో అగస్టీనునకు జ్వరము తగిలెను. పశ్చాత్తాపమును గూర్చిన దావీదు కీర్తనలను పెద్దయక్షరములతో వ్రాయించి పడకకు ఎదుటి గోడకు తగిలింపజేసి, వానిని చదువుచు కన్నీరు విడుచుచుండెను. వైద్యులు వచ్చు వేళను, ఆహారము తెచ్చు వేళను తప్ప ఎవ్వరిని లోనికి రానీయవలదని చెప్పి పది దినము లట్లు గడపెను. ఆగస్టు 28వ తేదీని కాలము చేసెను. మరణశాసనము వ్రాయలేదు, వ్రాయుటకు తగిన ఆస్తి లేదు. పుస్తకములను మాత్రము జాగ్రత్తగా కాపాడవలెనని ఆజ్ఞాపించుచు వచ్చెను.